చెక్‌పోస్టు దగ్గర ఎవరివీ కాని కోతులు

2023 ఏప్రిల్‌లో నేను పశుసంవర్ధక శాఖలో అసిస్టెంట్ డైరెక్టర్ హోదాలో భద్రాచలం వైపు పనిచేస్తూ, డాక్టరు లేని చర్ల మండలానికి ఇన్‌చార్జిగా ఉన్నాను. ఇన్‌చార్జి అంటే అక్కడి పని మొత్తం మనదే, అక్కడి కుర్చీ మాత్రం మనది కాదు. పదవీ విరమణ దగ్గరపడింది. మేకలకు టీకాలు, గేదెలకు చూడి పరీక్షలు చేసుకుంటూ మిగిలిన కాలం గడిపేయవచ్చని అనుకున్నాను. కోతులు నా లెక్కలో లేవు. అవి ఎవరి లెక్కలోనూ లేవని తర్వాత తెలిసింది.

ఆ నెలాఖరున ఒక ఉదయం అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్ రాజేందర్ ఫోన్ చేశాడు. "మేడం, జర జల్దీ చెక్‌పోస్టు కాడికి రండి. ఒక సర్టిఫికెట్ కావాలె" అన్నాడు. దేనికో చెప్పలేదు. చెబితే రానని అతనికి తెలుసు.

వెళ్లేసరికి చర్ల రోడ్డు మీద ఒక ట్రక్కు ఎండలో నిలబడి ఉంది. వెనుక రెండు ఇనుప బోనులు. వాటి నిండా ఎర్రమూతి కోతులు, బస్తాలో మిర్చి తొక్కినట్టు. తల్లాడ అవతలి ఒక పెద్ద పంచాయతీ నుంచి వచ్చిన సరుకు అది. అక్కడి సర్పంచ్, ఊళ్లో కోతి అన్నది లేకుండా చేస్తానని మాట ఇచ్చి గెలిచాడు. పదవీకాలం చివరికి వస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. కోతులు పట్టేవాళ్లను కిరాయికి పిలిపించి, బోను పక్కన శాలువా కప్పించుకుని ఫొటో దిగి, ట్రక్కును అడవికి పంపాడు. కోతిని అడవిలో వదలడం పుణ్యమే తప్ప పాపం కాదని ఆయన వాదన. ఆ అడవిలో మనుషులుంటారని, వాళ్లకూ వంటిళ్లుంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదేమో.

ట్రక్కును ఆపింది ఆ మనుషులే. అందరికంటే ముందు నిలబడింది కుంజా లక్ష్మి, పక్క గూడెంలో పోడు చేసుకునే కోయ మనిషి. అంతకుముందు ఇట్లాగే వచ్చి దిగిన కోతులు ఆమె వాకిట్లో ఎండబోసిన ఇప్పపువ్వంతా బుక్కేశాయి.

"చెట్టు మీద పండుంటే అటు దిక్కు సూడయి డాక్టరమ్మా. తలుపు గొళ్లెం తీసుడు మాత్రం మంచిగ వచ్చు. ఆ ఊరోళ్లు గట్ల అలవాటు చేసిండ్రు. మల్ల ఈడ దింపనియ్యం" అంది.

రాజేందర్‌కు కావలసింది, ఈ జంతువులు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని నా సంతకం. అది ఉంటే ట్రక్కు ముందుకో వెనక్కో కదులుతుంది. ఎటు కదిలినా అతని చెక్‌పోస్టు ఖాళీ అవుతుంది. నేను బోనుల చుట్టూ తిరిగి చూశాను. కోతులు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. కొన్నింటి చేతులు చువ్వలకు కోసుకుపోయాయి. ఒక తల్లి చచ్చిపోయిన పిల్లను పొట్టకు అదుముకునే ఉంది. జంతువుల రవాణా నిబంధనల్లో కోతుల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. బోను ఎంత ఉండాలి, గాలి ఎట్లా ఆడాలి, లోపలికి మేకులు పొడుచుకు రాకూడదు అని శ్రద్ధగా రాశారు. రాసినవాళ్లు ఈ రోడ్డు మీదికి వచ్చి ఉండరు.

సంతకం పెట్టనని, ముందు వీటిని నీడకు చేర్చి నీళ్లు పెట్టమని చెప్పాను. అసలు చర్చ అప్పుడు మొదలైంది.

ఆ నెలలోనే అమల్లోకి వచ్చిన సవరణతో ఈ జాతి కోతిని వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ల నుంచి తప్పించారని, అడవిలో తిరిగినా ఇక అది తమ శాఖది కాదని రాజేందర్ అన్నాడు. ట్రక్కుతో వచ్చిన పంచాయతీ కార్యదర్శి, ఊరి పొలిమేర దాటగానే తమ పరిధి ముగిసిందన్నాడు. అంతలో ఎస్సై వచ్చాడు. సర్పంచ్ శాలువా ఫొటో వాట్సాప్‌లో చూసి, ఖమ్మంలో జంతుహింస కేసులు వాదించే లాయరమ్మ ఒకామె ఎస్సైకి ఫోన్‌లో ఫిర్యాదు చేసిందట. ఇరుకు బోనులో కుక్కడం నేరమేనని, అయితే అది నాన్‌కాగ్నిజబుల్ అని, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే తాను దర్యాప్తు చేయకూడదని ఆయన వివరించాడు. నీడలో నిలబడి వివరించాడు. తర్వాత ముగ్గురూ నా వైపు తిరిగారు. కోతి పశుగణనలోకి రాదన్న మాట నాకూ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఎస్సై దగ్గర నంబరు తీసుకుని లాయరమ్మకు ఫోన్ చేస్తే, "సెక్షన్ మూడు చదవండి మేడం, అందరికీ వినబడేటట్టు చదవండి" అంది. జంతుహింస నివారణ చట్టంలో అది చాలా చిన్న సెక్షన్. జంతువు ఎవరి సంరక్షణలో, ఎవరి అధీనంలో ఉందో దాని బాగోగులు చూడటం, అనవసర బాధ కలగకుండా కాపాడటం వాళ్ల విధి అంటుంది. ఫోన్‌లో తెరిచి గట్టిగా చదివాను.

చదవడం అయ్యేసరికి ట్రక్కు చుట్టూ చాలా జాగా ఏర్పడింది. రాజేందర్ గేటు దగ్గరికి, కార్యదర్శి రోడ్డు అవతలికి, ఎస్సై జీపు పక్కకు జరిగారు. డ్రైవరైతే తాళంచెవి బండికే వదిలి దిగిపోయాడు. ట్రక్కు దగ్గర మిగిలింది లక్ష్మి ఒక్కతే. ఆమె చట్టం వినలేదు. బోరింగు నుంచి బిందె తెచ్చి, చువ్వల సందుల్లోంచి నీళ్లు పోస్తూ ఉంది.

"జాలి గిట్ల ఏం లేదు. ఈడ సస్తె కంపు మాకే గద" అంది, నేనేమీ అడగకుండానే.

ఎస్సై కాసేపు ఆమెను చూసి, రాతపని చూసే కానిస్టేబుల్‌ను పిలిచాడు. జంతువులు ఎవరి అధీనంలో ఉన్నాయో పంచనామాలో రాయవలసిన చోట ఆమె పేరు రాయమన్నాడు.

"ఆమెనే కద మేడం నీళ్లు పోస్తున్నది. ఆమె చేతులల్ల ఉన్నట్టే లెక్క" అన్నాడు.

నవ్వులాటకు అన్నాడనుకున్నాను. కానిస్టేబుల్ ఆమె ఇంటిపేరు అడిగాడు.

లక్ష్మి బిందె కింద పెట్టింది. "ఏందది? నేనేం చేసిన సారూ?" అంది. అప్పటిదాకా ట్రక్కుకు అడ్డం నిలబడ్డ మనిషి గొంతు కాదది. నక్సలైట్ల పేరుతో కేసులు పడే చర్ల వైపు పోలీసు కాగితం మీద పేరు పడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఎస్సైకి ఇంకా బాగా తెలుసు. వెనుక ఉన్న గూడెం వాళ్లు ఒక్కొక్కరే పలచబడసాగారు.

నాకు ఒళ్లు మండింది. జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. ఈ జంతువులు ప్రయాణానికి తగిన స్థితిలో లేవు, చికిత్స కోసం నా అధీనంలోకి తీసుకుంటున్నాను, మరెవరికీ సంబంధం లేదు, వీటిని పంపిన పంచాయతీ సరిపడా బోనులతో వచ్చి వెనక్కి తీసుకుపోవాలి. కింద సంతకం, హోదా, ముద్ర.

ఎస్సై ముఖం వికసించింది. "మేడం తీస్కున్నరు. అయిపాయె" అంటూ లక్ష్మి పేరు కొట్టేయించాడు. బాధ్యత ఒకరి నెత్తిన పడగానే మిగతావాళ్లకు కోతుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. రాజేందర్ స్వయంగా ట్రక్కును మద్దిచెట్ల కిందికి నడిపించాడు. కార్యదర్శి అరటిపండ్లు తెప్పించాడు. ఎస్సై ఒక కోతికి పండు అందిస్తూ ఫొటో దిగాడు.

కార్యదర్శి కబురు పెడితే సాయంత్రం సర్పంచ్ బోనులతో వచ్చాడు. "మల్ల ఊళ్లెకే తీస్కపోతే జనం నన్ను బతకనిస్తరామ్మా? ఇంకొంచెం లోపలికి పోయి ఇడుస్తం" అని బతిమాలాడు.

"లోపల గూడ మేమే ఉంటం" అంది లక్ష్మి.

ఆయన బోనులు దింపించాడు. గాయాలకు మందు వేసి, కోతుల్ని బోనుల్లో సర్ది వెనక్కి పంపించాను. అన్నీ బతకలేదు. ఆ తల్లి చేతుల్లోంచి పిల్లను తీయడానికి ఎవరికీ చేయి రాలేదు. దాన్ని పట్టుకునే వెళ్లింది.

తర్వాత నాకు మెమో వచ్చింది. శాఖ పరిధిలోకి రాని జంతువులను ఏ అధికారంతో అధీనంలోకి తీసుకున్నారో సంజాయిషీ ఇవ్వమని. సెక్షన్ మూడు నకలు జతచేసి పంపాను. దానికి జవాబు రాలేదు కానీ, నా పింఛను కాగితాలకు మాత్రం ఆ మెమో చాలాకాలం అడ్డంపడింది. లాయరమ్మ సర్పంచ్ మీద కేసు వేసింది. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలు దాటదు. శాలువాకు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

జంతువును కాపాడే ముందు అది ఎవరి చేతిలో ఉందో చట్టానికి తేలాలి. అది తేలేదాకా అందరూ చేతులు వెనక్కి పెట్టుకుంటారు, చాచిన చెయ్యి ఒక్కటే అందరికీ కనిపిస్తుంది. అందుకే కొత్తగా ఉద్యోగంలో చేరే పశువైద్యులకు నేను చెప్పేది ఇంతే. అక్కడ నీళ్లు పోస్తున్నది ఎవరో ముందు చూడండి. వాళ్ల పేరు ఎవరైనా రాసుకునేలోపు మీ పేరు రాసేయండి.