కల్లు దుకాణం గల్లీలో గజం ధర

మా గల్లీలో కల్లు దుకాణం మూతపడి తొమ్మిదేళ్లయింది. ఆ జాగాలో ఇప్పుడు మంచినీళ్ల ప్లాంటు నడుస్తోంది. అయినా ఆత్మకూరులో ఆటో ఎక్కితే కల్లు దుకాణం గల్లీ అనే చెప్పాలి. ఇంకేం చెప్పినా ఆటోవాడికి తెలియదు.

నేను విత్తనాల దుకాణంలో పద్దులు రాస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. వంకర జాగాలను త్రికోణాలుగా విడగొట్టి గజాలు లెక్కకట్టడం సొంతంగా నేర్చుకున్నాను. ఊళ్లో ఎవరు ఇల్లు కొన్నా, అమ్మినా టేపు పట్టుకొని రమ్మని నన్నే పిలిచేవారు. కల్లు దుకాణం మూసిన ఏడాదే మా గల్లీ మూలమీది ఇల్లు అమ్మకానికి వచ్చింది. కొలత అయ్యాక కొనే ఆయన ధర ఎంత పెట్టొచ్చని అడిగాడు. అప్పుడు పక్కవీధిలో గజం ఆరు వేలు. "గల్లీ పేరుకు మూడో వంతు తీసెయ్" అన్నాను. నాలుగు వేలకు బేరం తెగింది. సరిగ్గా చెప్పానని ఆ రోజు సంతోషపడ్డాను కూడా. తర్వాత మా గల్లీలో అమ్ముడైన రెండిళ్లకూ అదే లెక్క వేశారు. నన్ను అడగాల్సిన అవసరమే రాలేదు.

పోయినేడు నా భార్యకు డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు బస్సులో వనపర్తి దవాఖానకు పోయి రావాలి. వచ్చేటప్పుడు ఆమెకు వాంతులు. కిటికీ పక్క సీటు దొరకని రోజు కవరు చేతిలో పట్టుకొని కూర్చునేది. దవాఖాన దగ్గర్లో కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు చూశాను. పదిహేను లక్షలన్నారు. రిజిస్ట్రేషన్‌తో కలిపి పదహారు దాటుతుంది. మా ఇల్లు నూట నలభై గజాలు. పక్కవీధిలో ఇప్పుడు గజం పన్నెండు వేలు. ఆ ధర వస్తే పదహారు లక్షల ఎనభై వేలు. సరిపోతుంది.

పక్క ఊరి రైతు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. బోరు నీళ్లు తాగి చూశాడు, గోడలు తట్టాడు. బయటికి పోయి నీళ్ల ప్లాంటు దగ్గర పది నిమిషాలు నిలబడి తిరిగొచ్చాడు.

"ఇల్లు మంచిగుందన్నా. పక్కవీధిల పన్నెండు నడుస్తుంది. మూడో వంతు తీస్తే ఎనిమిది."

"దుకాణం ఎత్తేసి తొమ్మిదేండ్లాయె. ఇంకా దేనికి తీస్తవు?"

"ఎత్తేసిండ్రు, నాకు తెల్వదా? గని రేపు నా బిడ్డకు సంబంధమొస్తే, ఏడుంటరంటే ఏం జెప్పాలె? గల్లీ పేరు జెప్పాలె గద." తర్వాత నవ్వుతూ అన్నాడు. "అయినా ఈ లెక్క నేను పెట్టింది గాదు. నువ్వే పెట్టినవంట గద అన్నా."

ఎనిమిదికి ఇవ్వనని అతన్ని పంపేశాను. తర్వాత రెండు నెలల్లో ఇంకో నలుగురు వచ్చారు. అందులో ఒకాయన ఏడున్నరకే అడిగాడు. చివరికి ఆ రైతుకే ఫోన్ చేశాను.

సంగతి తెలిసి పక్కింటి ఆమె గోడ అవతలి నుంచి పిలిచింది. బట్టలు కుట్టి బతికే మనిషి, ఒక్కతే ఉంటుంది.

"అన్నా, ఎనిమిదికే ఇస్తున్నవంట?"

"అంతకన్న ఎక్కువ ఎవ్వరిస్తలేరమ్మా."

"నువ్వు ఇచ్చి పోతవు. ఉండేటోళ్లం మేము. లెక్కలాయననే ఎనిమిదికి ఇడ్సిపెట్టి పోయిండంటే ఆ గల్లీల ఇంకా ఏమో ఉన్నదంటరు. నా ఇంటికి ఆ ఎనిమిది గూడ ఎవడిస్తడు?"

"ఇంకో ఏడాది ఆగుదామంటే ఆమెకు బస్సు పడ్తలేదు."

"తెల్వదా నాకు? మొన్న నా ముంగటనే గద అక్క గడపల కూలబడ్డది. ఆగు అంటలేనన్నా. అని ఏం లాభం."

పదకొండు లక్షల ఇరవై వేలు వచ్చాయి. సంతకం పెట్టి వనపర్తి పోయేసరికి నేను చూసిన ఇంటి ధర పద్దెనిమిది లక్షలైంది. ఆ వీధిలో కొత్తగా స్కానింగ్ సెంటరు వచ్చింది. ఇద్దరు డాక్టర్లు ఇళ్లు కట్టుకున్నారు. అందరూ దాన్ని డాక్టర్ల వీధి అంటున్నారు. అలవాటు కొద్దీ టేపు వేసి చూశాను. వీధి వెడల్పు పదహారు అడుగులు. మా గల్లీది పద్దెనిమిది. మురికి కాలువకు మూత ఇక్కడా లేదు.

ఆ వీధి వెనక గల్లీలో పైఅంతస్తులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. కింది గదులకు కిరాయి రెట్టింపు. విత్తనాల దుకాణానికి ఇప్పుడు నేను రోజూ బస్సులో ఆత్మకూరు పోయివస్తున్నాను. మా గదికి ఇరవై రెండు మెట్లు. డయాలసిస్ అయిన రోజు ఆమె పదకొండో మెట్టు మీద కూర్చుంటుంది. నేను ఒక మెట్టు కింద నిలబడతాను.

"మన పైసలకు ఇంకెన్ని కలిస్తే ఆ కింది ఇల్లొస్తదయ్యా?" అని నిన్న అడిగింది.

రిజిస్ట్రేషన్‌తో కలిపి ఇంకా ఎనిమిదిన్నర లక్షలు కావాలి. నెలకు నేను మిగల్చగలిగేది మూడు వేలు. అంటే రెండువందల ఎనభై మూడు నెలలు. అప్పటిదాకా ఆ ధర కదలకుండా ఉంటేనే.

"చూద్దాం" అన్నాను.

ఆమె తలూపి, గోడ పట్టుకొని లేచింది.