చూస్తే అంటుకోదు

నా చిన్నప్పుడు మా పల్నాడులో కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి ఎవరూ చూసేవారు కాదు. చూస్తే చాలు, జబ్బు అంటుకుంటుందని గట్టి నమ్మకం. నాకు ఏడేళ్ళప్పుడు, మిరపకాయల పనులు జోరుగా సాగే రోజుల్లో, ఆ జబ్బు నాకు వచ్చింది. అప్పటికి తమ్ముడు పుట్టి నెల కూడా కాలేదు.

ఇంటి పెత్తనం మా నాయనమ్మది. "దాని మొహం చూడమాకండి, అంటుకుద్ది" అని ఆవిడ ఒక్క మాట అనేసరికి అందరూ మొహాలు తిప్పుకున్నారు. నన్ను వసారా మూలన గోడకేసి కూర్చోబెట్టారు. అన్నం పళ్ళెం వెనకనుంచి వచ్చేది. కళ్ళు పుసులు కట్టి మండుతుంటే ఓర్చుకున్నాను గానీ, అమ్మ నా వైపు చూడకపోవడం ఓర్చుకోలేకపోయాను. లోపలి గదిలో తమ్ముడితో ముద్దుముద్దుగా మాట్లాడే అమ్మ గొంతు వినిపించేది. నాకు ఆ గొంతు చాలలేదు, మొహం కావాలి. చంటివాడి మీద చెప్పలేనంత కోపం వచ్చేది.

మూడోరోజు సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. చర్చి పక్కనున్న చిన్న ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఊడ్చే పని చేసి, అక్కడి నర్సమ్మ దగ్గర నాలుగు విషయాలు తెలుసుకున్న మనిషి. ఆ రోజు కల్లంలో పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తీసి, చేతులైనా కడుక్కోకుండా నేరుగా మా ఇంటికే వచ్చింది. నా ముందు గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, నా కళ్ళల్లోకి తిన్నగా చూసింది. "ఏమే, చానా మండుతున్నాయా?" అంది. మూడు రోజుల్లో నన్ను చూసిన మొదటి మనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

నాయనమ్మ అరిచింది గానీ అక్క తగ్గలేదు. "మామ్మా, నా చేతుల నిండా కారమే. ఇందాకట్నుంచి నన్ను చూస్తానే ఉన్నావుగా, నీ కళ్ళు మండినయ్యా?" అని అడిగింది. "చూస్తే ఎందుకు మండుద్దే, పిచ్చిమొహమా!" అని కసిరి, నాయనమ్మ మొహం కడుక్కోవడానికి దొడ్లోకి పోయింది. అక్క దండెం మీదున్న తుండుగుడ్డకు తన చేతులు బాగా తుడిచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

మా ఇంటిల్లిపాదికీ ఆ తుండుగుడ్డ ఒక్కటే. నాయనమ్మ వచ్చి దాంతోనే మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఆవిడ పెట్టిన కేకలు, తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అక్క చెంబుతో నీళ్ళు పోసి, చెంపలకు మీగడ రాసి, తిట్లన్నీ అయ్యేదాకా ఆగి నెమ్మదిగా చెప్పింది. "నేను నిన్ను ముట్టుకోలా. చూసినందుకు మండలా. ఆ గుడ్డ మోసుకొచ్చింది కారాన్ని. పిల్ల కళ్ళు తుడిచేదీ ఆ గుడ్డే, చంటోడి మూతి తుడిచేదీ ఆ గుడ్డే. కలక కూడా అట్టనే పోద్ది మామ్మా."

లోపల్నుంచి అమ్మ అంతా వింది. గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. తప్పు చేసినదానిలా చాలాసేపు అలాగే చూసింది. ఆ పూట నుంచే నా గుడ్డ వేరు, నా చెంబు వేరు. నన్ను ముట్టుకున్న ప్రతిసారీ అమ్మ సబ్బుతో చేతులు కడుక్కునేది గానీ, మొహం మాత్రం తిప్పుకోలేదు. తమ్ముడికి జబ్బు రాలేదు. నా కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసిన అక్కకూ రాలేదు. నా వైపు కన్నెత్తయినా చూడని నాయనమ్మకు మాత్రం రెండురోజులకే వచ్చింది. అంతా ఆ తుండుగుడ్డ పుణ్యమే.

మరుసటేడు అక్కకు నడికుడి వైపు పెళ్ళయింది. నేను బడిలో ఉండగానే బండెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నేను ఆమెను చూడలేదు.

మొన్నటి కరోనాలో మా ఆయన జబ్బుపడి వెనక గదిలో ఒంటరిగా ఉన్నారు. అది ఊపిరితో పాకే జబ్బని తెలుసు కాబట్టి, మాస్కు కట్టుకుని, కిటికీకి దూరంగా బయట కుర్చీ వేసుకుని, ఆయన తింటున్నంతసేపూ చూస్తూ కూర్చునేదాన్ని. "ఎందుకే అట్టా చూస్తావు?" అని విసుక్కునేవారు. ఒకరోజు పనిలో పడి ఆలస్యంగా వెళితే, ఆయన అన్నం ముట్టకుండా కిటికీ వైపే చూస్తూ ఉన్నారు. నాకు అక్క గుర్తొచ్చింది.

ఇప్పుడామె ఉందో లేదో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉంటాయి, ఏ వసారాలోనో మంచం మీద ఉండి ఉంటుంది. ఆమె మొహంలోకి చూసి, "అక్కా, ఎట్టా ఉంది?" అని అడిగేవాళ్ళు ఉన్నారో లేదో. ఎక్కడుందో ఎవరైనా చెబితే, ఇవాళే వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను.