పోపుల పెట్టెలో సైన్యం

మా అత్తయ్య వాడటం మానేసిన స్టీలు పోపుల పెట్టెలో నా సైన్యం విడిభాగాలుంటాయి. ఆవాల గిన్నెలో తలకాయలు, జీలకర్ర గిన్నెలో చేతులు, మెంతుల గిన్నెలో కత్తులూ డాళ్లూ. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులను బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి ఆడే యుద్ధం ఆట ఒకటుంది. రాక్షసులు, మరుగుజ్జులు, రెక్కల గుర్రాలు, అంతా కల్పిత లోకం. కొత్తవి కొందామంటే ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. అందుకని విరిగినవి పోగుచేసి, ఒకడి మొండేనికి ఇంకొకడి తల అతికిస్తాను. మోచేతిలో సన్న డ్రిల్లుతో బెజ్జం వేసి తీగ దూర్చడం, సందుల్లో పుట్టీ కూరడం, ఆరాక రంగు వేయడం. నరసరావుపేటలో ఈ పిచ్చి నాకొక్కదానికేనేమో. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి ఇంటికొచ్చాక ఒక తలకాయ అతికిస్తే గానీ నాకు ప్రాణం కుదుటపడదు.

మాకు పిల్లలు లేరు. వీధిలో వాళ్లు ఏమనుకున్నా నేను ఖాతరు చేయను. కానీ అత్తయ్య మనసులో ఏముందో తెలిసేది కాదు. మా ఆయనది విజయపురి సౌత్‌లో ఉద్యోగం, ఆదివారాలే ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఇంట్లో మేమిద్దరమే. నేను బొమ్మల ముందు కూర్చుంటే ఆమె ఒకసారి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. తిట్టినా బాగుండును. ఆ మౌనం నన్ను తినేసేది, అడగడానికి ధైర్యం చాలేది కాదు.

మొన్న దసరాకు బజారుకెళ్లి పూలు తెచ్చేసరికి, హాల్లో పీట మీద స్కూటీ తాళాలు, కత్తిపీట, కత్తెర, వాటి పక్కనే నా సైన్యమంతా బారులు తీరి ఉంది. కుంకుడు రసంతో ఒక్కొక్కడికీ తలంటు పోసింది మహాతల్లి. ప్రతి కత్తికీ పసుపు, దాని మీద అగ్గిపుల్ల కొనతో కుంకుమ చుక్క. నేను నెలల తరబడి తయారుచేసిన రెక్కల సేనానికి ఒక రెక్క ఊడిపోతే, ఆ రెక్కకూ విడిగా బొట్టు పెట్టింది.

"ఏంది అత్తయ్యా ఇది! రంగంతా పోయింది!" అని అరిచాను.

"అరవమాక. పండగ పూట ఆయుధాలకు పూజ చెయ్యకుండా ఎట్టా వదిలేస్తారే?"

ఆమె పుట్టిల్లు కారంపూడి. అక్కడ వీరుల తిరునాళ్లలో పూర్వీకుల ఆయుధాలకు స్నానం చేయించి పూజిస్తారు. కత్తి కనబడితే చాలు, ఆమె చెయ్యి పసుపు గిన్నె మీదికి పోతుంది. ఆ కత్తి గోరంత ఉందా, బారెడుందా అని చూడదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పిన్ని లోపలికొచ్చింది. పీట వంక చూసి నవ్వింది.

"ఏంది అక్కా, పిల్లల్లేని ఇంట్లో ఇన్ని బొమ్మలా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది.

"బొమ్మలు కాదే అయ్యి, మా కోడలి పనిముట్లు. పూజలో పెట్టింది కనపడట్లా నీకు?"

అత్తయ్య నా వైపు తిరిగి, "ఏమే, చూస్తా నిలబడ్డావేంది? హారతియ్యి" అంది.

కర్పూరం వెలిగిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పొగ వంక పెట్టకుండానే కళ్లు తుడుచుకున్నాను.