పదకొండేళ్ల ఖాళీ గడి

బస్టాండు వెనక టైపు షాపులో ప్రింటరు దగ్గుతోంది. తెర మీద చిన్నకోడలి జీవితం అర పేజీకి సరిపోయింది. పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి. "అనుభవం" అన్న గడి మాత్రం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది.

"ఈ పదకొండేళ్లూ ఏం చేశావమ్మా?" అంది టైపు చేసే అక్క.

"మంచంలో ఉన్న మా అత్తగారిని చూసుకున్నాను."

"మరి చెప్పవేం! పెద్దాసుపత్రిలో ఆయా పోస్టుకి అంతకన్నా ఏం కావాలి? పక్కకి తిప్పడం, స్నానం, ఇంజెక్షన్లు... అన్నీ రాస్తా. అనుభవానికే పది మార్కులు. తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు సంతకం లేకపోతే మాత్రం చెల్లదు. దరఖాస్తుకి ఇవాళ ఐదింటికే ఆఖరు."

ఆమెకి తెలిసిన ఆఫీసరు ఒక్కరే, బావగారు. భర్త పోయాక ఆమె ఉంటున్నది ఆయన ఇంట్లోనే. అత్తగారు పోయిన నెలకే ఆయన "ఇక నీకిక్కడ పనేముందమ్మా" అన్నారు. ఈ ఉద్యోగం వస్తే తన గదికి తాళం తనే వేసుకోవచ్చు. వయసు గడువు ఈ ఏడాదితో సరి.

బావగారు హాల్లో ఉన్నారు. ఆయన వెనక గోడ మీద, తల్లి నోటికి చెంచా అందిస్తున్న ఆయన ఫోటో. ఆ రోజు పాలు చల్లార్చి, గిన్నె ఆయన చేతికిచ్చి, ఫోటోలో పడకుండా పక్కకి జరిగింది చిన్నకోడలే.

అక్క కొట్టిచ్చిన కాగితం చదివి ఆయన కళ్లజోడు తీశారు. "ఇదేంటమ్మా, అమ్మని నువ్వొక్కదానివే చూసినట్టు! దీనిమీద నేను సంతకం పెడితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఒక్కసారైనా పక్కకి తిప్పారా బావగారూ?"

వంటింట్లోంచి తోడికోడలి గొంతు వచ్చింది. "ఇన్నాళ్లూ తిన్నది చాలక, సర్టిఫికెట్ కూడానా!"

"మంచిదానివని రాసిస్తాలే," అని ఆయన కలం తీశారు. గుండ్రటి ముద్ర గట్టిగా నొక్కారు.

షాపులో అక్క దాన్ని పైకి చదివింది. "ఈమె నాకు పదిహేనేళ్లుగా తెలుసు. నడవడి మంచిది. ఇంటిపట్టునే ఉండేది. ఏ పనీ చేయలేదు."

ఐదుకి పది నిమిషాలుంది. "అనుభవం దగ్గర ఏం కొట్టను?"

"లేదని కొట్టండి."

పదకొండేళ్లలో ఆ ముసలి వీపు మీద ఒక్క పుండు పడలేదు. ప్రింటరులోంచి వెచ్చగా వచ్చిన కాగితం మూల మడత పడింది. చిన్నకోడలు దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో మెల్లగా, ముడత లేకుండా సవరించింది.