సొంత బిడ్డను ఎత్తుకోకూడని రోజు

రేపు పొద్దున మా అమ్మ కదిరి బస్సు దిగుతుంది. సాయంత్రం బస్సుకు నా కూతుర్ని తీసుకుని వెళ్లిపోతుంది. పాప గౌన్లు, స్వెట్టరు, రాగిపిండి డబ్బా, అన్నీ సంచిలో సర్దేశాను. ఇంకేం మిగల్లేదు. నిద్ర రావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

హెబ్బగోడిలో మా వీధిలో అన్నీ ఒంటి గదులే. ఆడవాళ్లలో సగం మంది గార్మెంట్స్‌కి పోతారు, మిగతావాళ్లు బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకి. నేను బీకాం చదివాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ దగ్గర నిలబడి పెట్టెల మీద లేబుళ్లు సరిగ్గా పడ్డాయా లేదా చూస్తాను. మా ఆయన పీణ్యలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. బెంగళూరుకి అది ఆ చివర, మేముండేది ఈ చివర. పాప లేచేసరికి ఆయన ఉండడు, పడుకునేసరికి రాడు.

ప్రసూతి సెలవు అయిపోయాక పాపను ఎవరి దగ్గర వదలాలో తెలియక ఏడుస్తుంటే, పక్కగది ఆమె నన్ను 'మనె'కి తీసుకెళ్లింది. కన్నడంలో మనె అంటే ఇల్లు. పిల్లల్ని చూసుకోవడానికి తల్లులే సంఘంగా ఏర్పడి, కింది అంతస్తు అద్దెకు తీసుకుని నడుపుతున్న చోటు అది. మొదలుపెట్టింది ఒకప్పుడు గార్మెంట్స్‌లో టైలరుగా చేసిన ఆవిడ. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. ఆమెను అందరం అక్క అనేవాళ్లం. ఆయాలు లేరు. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో రోజు వారపు సెలవు. ఎవరికి సెలవైతే వాళ్లు ఆ రోజు వచ్చి, అక్కతో పాటు పిల్లలందరినీ చూడాలి. దాన్ని వంతు అనేవాళ్లం.

వంతుకి ఒకటే కట్టుబాటు. ఆ రోజు సొంత బిడ్డను ఎత్తుకోకూడదు. తినిపించేది, కడిగేది, నిద్రపుచ్చేది ఇంకొకరు. ఒక్క బిడ్డ తన అమ్మ ఒళ్లో కనబడితే చాలు, మిగతా అందరికీ తమ అమ్మ లేదని గుర్తొస్తుందని అక్క చెప్పేది.

నా మొదటి వంతు రోజున పాప ఇంకొకామె ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తుంటే నా చేతులు ఆగలేదు. అక్క అడ్డం నిలబడింది.

"ఏమ్మే, ఏడిస్తే అరిగిపోతాదా ఏమి నీ బిడ్డ? ఇట్ల చూడు, ఈడు ఉచ్చ పోసుకోని ఉండాడు. వీళ్లమ్మ ఇప్పుడు మిషన్ ముందర కూర్చోని ఉండాది, లేసి రాలేదు. నువ్వు ఉండావు గదా."

"ఒక్క నిమిషం ఎత్తుకుంటా అక్కా."

"బీకాం చదివినావు, నిమిషం అంటే ఎంతసేపో నీకు తెలీదా? పో, నిక్కరు మార్చు పో."

నేను నిక్కరు మారుస్తుండగానే పాప తనను ఎత్తుకున్నామె భుజం మీద నిద్రపోయింది.

నాది ఊరికే భయపడే మనసు. గొంతులో ఏదో ఇరుక్కుందేమో, గేటు తీసి ఉందేమో అని ప్యాకింగ్ లైనులో నిలబడి ఊహించుకునేదాన్ని. ఫోన్లు లాకర్లో పెట్టించేవాళ్లు. అయినా కొన్నాళ్లకి ఆ భయం సగం తగ్గింది. ఈ రోజు అక్కడున్న తల్లి తన బిడ్డను వదిలి నా బిడ్డను ఎత్తుకుని ఉంటుందని నాకు తెలుసు. ఎందుకంటే నా వంతు రోజున నేనూ అదే చేశాను.

తర్వాత ఒక పెద్ద కంపెనీ ఫౌండేషన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మంచి పిల్ల. కింద చాప మీద కూర్చుని పిల్లలతో ఆడింది. "అక్కా, మీది వండర్‌ఫుల్ మోడల్. కానీ సేఫ్టీ కోసం ట్రైన్డ్ స్టాఫ్ ఉండాలి. అన్నీ మేం చూసుకుంటాం. మీరు సెలవు రోజున రెస్ట్ తీసుకోవచ్చు" అంది. రెస్ట్ అనే మాట వినగానే అందరి మొహాలూ ఎట్లా మారిపోయాయో ఇప్పటికీ కళ్ల ముందుంది. సెలవు రోజున బట్టలు ఉతుక్కోవచ్చు, తల స్నానం చేయొచ్చు.

సంఘంలో ఏదైనా చేతులెత్తే తేల్చేవాళ్లం. మా చేతుల్లో పిల్లలుంటే పిల్లల చేతులు పట్టుకుని ఎత్తేవాళ్లం. ఆ రోజూ అట్లాగే ఎత్తాం. అక్క మాత్రం ఎత్తలేదు. "చిన్నోళ్లందరూ ఒప్పేసుకున్న్యారు, ఇంక ముసిల్దాని మాటేముంది" అని నవ్వింది.

గోడలకు రంగులు, నేలకు మెత్తని షీట్లు, కెమెరా, యూనిఫాం వేసుకున్న ఇద్దరు ఆయాలు వచ్చారు. బాగా చూసుకునేవాళ్లు, తప్పు చెప్పలేను. తల్లులు గేటు దాటి లోపలికి రాకూడదన్నారు. పాపను గేటు దగ్గర అందించి, సాయంత్రం గేటు దగ్గరే అందుకునేవాళ్లం. లోపల ఎవరి పిల్లలు పెరుగుతున్నారో, ఎవరికి పళ్లొచ్చాయో తెలియకుండా పోయింది. మీటింగులకు రావడం కూడా మానేశాం. మాట్లాడడానికి ఏముంది?

ఈ ఏడాది ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. ఈసారి కింద కూర్చోలేదు. ఫౌండేషన్ ఇక నుంచి చెరువుల మీద పని చేస్తుందట. పాపం, చెప్పలేక చెప్పింది.

"పోనీలేమ్మా, చెరువుకైతే డైపరు మార్చే పని లేదు" అంది అక్క. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆయాలు వెళ్లిపోయారు. వంతులు మళ్లీ మొదలుపెడదామని అక్క ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచింది. ఒకామె, వెనక ఎన్నో వంతులు చేసినామె, మొహమాటంగానే అడిగింది. "ట్రైనింగ్ లేనోళ్ల దగ్గర ఎట్ల వదిలేది అక్కా?"

"నీ కొడుక్కి నడక నేర్పించింది ఏ ట్రైనింగే?"

ఆమె తల దించుకుంది. కానీ మర్నాటి నుంచి రాలేదు. కొత్తగా చేరిన తల్లులు అసలు వంతు అంటే ఏమిటో తెలియక, ఇది తమ పని కాదన్నట్టు చూశారు. సెలవు రోజున కూడా ఓవర్‌టైం పెట్టడంతో ఇంకొందరు తగ్గారు. మిగిలిన కొద్దిమందిమి వంతులకు వచ్చాం. అయితే ఎవరొచ్చినా వాళ్ల బిడ్డను చంక దించకుండా కూర్చునేవాళ్లు. పక్క పిల్ల ఎవరో తెలియదు, ఆ పిల్లకి మనం ఎవరో తెలియదు.

పోయిన వారం నా వంతు. పాప నా మెడ పట్టుకుని వదల్లేదు. గార్మెంట్స్‌కి పోయే ఒకామె కూతురు, అప్పుడప్పుడే నడుస్తున్న పిల్ల, ముక్కు కారుతూ నా ముందుకొచ్చి రెండు చేతులూ చాచింది. నేను పాపను దించలేదు. దించాలని తెలుసు. ఒక చేత్తో ఆ పిల్ల తల నిమిరాను, అంతే. ఆ పిల్ల కాసేపు అట్లాగే చేతులు చాచి నిలబడి, కూలబడి ఏడ్చింది.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే దించేదాన్నేమో. వచ్చి ఆ పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం పిల్లలందరూ వెళ్లాక చాపలు చుడుతూ, ఇంక చాలని కన్నడం కలిపి అంది.

"సాకమ్మా. ఇంక సాకు. ఇంటి ఓనరుకి తాళం ఇచ్చేస్తా."

మిగిలిన చాపలు నేను చుట్టాను.

ఇందాక అమ్మ ఫోన్ చేసింది. బట్టల గురించి, పాల గురించి అడిగి, చివర్లో అంది, "పాప దేనికి నిద్రపోతాది మే? ఊపల్లా, పాట పాడల్లా?"

ఒకప్పుడైతే ఎవరి ఒళ్లో పడుకోబెట్టినా నిద్రపోయేదని చెప్పి ఉండేదాన్ని. ఇప్పుడు నా చెయ్యి మీద తప్ప పడుకోదు. అమ్మకి ఆ మాట చెప్పలేదు. పాట పాడితే పడుకుంటుందని చెప్పాను. ఇప్పుడు కూడా నా ఎడమ చెయ్యి పాప తల కిందే ఉంది. తిమ్మిరెక్కింది. కదిపితే లేస్తుంది.