సర్దుకుపోయే బేరింగు

ఎండతో, రాతితో, ఇనుముతో మా ఇల్లు చేసిన మహాయుద్ధాన్ని పర్వాలు పర్వాలుగా చెబుతాను, వినండి. అబద్ధం. ఒక షాఫ్టు, దాన్ని మోసే బేరింగు, అంతే. యుద్ధమంటూ జరిగింది అమ్మకూ నాయనకూ మధ్య. అందులోనూ ఎవరూ నోరు తెరవలేదు.

మార్కాపురంలో మాది పలకలు కోసే షెడ్డు. కోత చక్రం షాఫ్టు ఇత్తడి బుష్షులో, అంటే బేరింగు పని చేసే గొట్టంలో తిరుగుతుంది. రాతి పొడికి బుష్షు అరిగి, పొద్దున షాఫ్టు గడగడలాడేది. నాయన పైన రేకు ముక్క దూర్చి బిగించేవాడు. మధ్యాహ్నానికి ఇత్తడి వేడికి ఉబ్బి షాఫ్టును పట్టేసేది. రేకు తీసేవాడు. చల్లబడగానే మళ్లీ దూర్చేవాడు. చంటిబిడ్డ తల్లికైనా ఊరెళ్లే వీలుంటుంది, ఆయనకు లేదు. అమ్మ ఆ మిషన్‌ను సవతి అనేది.

అమ్మకు కంట్లో శుక్లం ముదిరింది. ఒంగోలులో ఆపరేషన్. పిన్నిని తోడు పంపుతానన్నాడు నాయన. అమ్మ సరేనంది, కానీ ఒకసారి జ్వరమని, ఒకసారి అమావాస్యని వాయిదా వేస్తూ వచ్చింది. ఆయన పక్కన లేకుండా కంటి మీద కత్తి పెట్టించుకోదని నాకు అర్థమైంది. నాయనకు కాలేదు. కన్ను గడగడలాడదు కదా.

ఇంట్లో అందరికీ పాపనే అయినా, నేను చదివింది మెకానికల్ డిప్లొమా. బుష్షును రెండు చిప్పలుగా కోయించి, పై చిప్ప మీద స్ప్రింగు పెట్టాను. అరిగితే స్ప్రింగు చిప్పను కిందికి నొక్కుతుంది, వేడికి ఉబ్బితే తనే వెనక్కి తగ్గుతుంది. కాగితం మీద అద్భుతం. మొదటి స్ప్రింగు మొండిది, షాఫ్టును కదలనివ్వలేదు, షెడ్డంతా పొగ. రెండోది మరీ మెత్తన, చక్రం ఊగి పలకలు పగిలాయి. నాయన ముక్కలు ఏరుతూ, చిన్న పలకలకు గిరాకీ ఉందిలే అన్నాడు. అలాంటి గిరాకీ ఎన్నడూ లేదు.

చివరికి పాత బైకు క్లచ్చు స్ప్రింగులతో కుదిరింది. మిట్టమధ్యాహ్నం కూడా షాఫ్టు మెత్తగా తిరుగుతోంది. అన్నం తెచ్చిన అమ్మ దాన్నేమంటారని అడిగింది. కాలేజీలో చెప్పిన పేరుకు నోరు తిరగదని, సర్దుకుపోయే బేరింగు అన్నాను.

అమ్మ క్యారియర్ విప్పుతూ, ఎవరి వైపూ చూడకుండా అంది. "అట్లనా. ఈ కొంపలో సర్దుకుపోయేది నేనొక్కదాన్నే అనుకుంటి."

నాయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "ఒంగోలు బస్సు పొద్దున ఎన్నింటికి?" అన్నాడు.

"మీరొస్తారా?"

"నీ సవతిని పాప చూసుకుంటాదిలే."

ఆపరేషన్ రోజు నాయన ఫోన్ చేశాడు. మిషన్ సంగతి అడుగుతాడని జవాబు సిద్ధం చేసుకున్నాను. కట్టు కట్టారట, నొప్పి లేదట, ఇడ్లీ తిన్నదట. అమ్మ తన చెయ్యి వదలడం లేదట, అందుకని తను టీకి కూడా పోలేదట. అంతే, పెట్టేశాడు. బేరింగు ఊసే లేదు. మీరు నమ్మరు, నాకు సంతోషంతో పాటు కాస్త కోపం కూడా వచ్చింది.

సర్దుకుపోయే బేరింగే అయినా, దానికి ప్రతి సోమవారం గ్రీజు పెట్టాలి.