జమ్మి చెట్టుకు కాసిన ఉసిరికాయలు

చెట్టుకి కాయలు కాయడం మీరంతా చూసే ఉంటారు. చెట్టుకి కాయలు కట్టిన మనిషిని చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అది కూడా ఒకటీ రెండూ కాదు, గంపెడు. చివరికి ఆ గంపెడు కాయలూ కలిసి నా పరువుని కృష్ణలో ఎలా కలిపాయో ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వు వస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంటావిడ గత నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సత్తెనపల్లిలో హైస్కూల్లో నేచురల్ సైన్సు మాస్టారిగా చేరి ఏడాది. పుట్టి పెరిగిందంతా గుంటూరు టౌనులో, బట్టల కొట్టు వెనక వాటాలో. మా వీధి మొత్తానికి ఉన్న పచ్చదనం మా అమ్మ డబ్బాలో పెంచిన కరివేపాకు మొక్క. అయినా బోర్డు మీద రంగు సుద్దలతో ఆకు బొమ్మ వేసి, ఈనెలు గీసి, "ఇది సంయుక్త పత్రము" అని నేను చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. పత్తి చేలల్లో, మిరప తోటల్లో పుట్టి పెరిగిన ఆ పిల్లలకి చెట్ల గురించి నేను పాఠం చెప్పడం ఎంత పెద్ద సాహసమో అప్పట్లో నాకు తెలియదు.

నాకు ఇంకో పిచ్చి ఉండేది, ప్రకృతి దర్శనం. ఆదివారం వస్తే సైకిలెక్కి బయల్దేరేవాణ్ణి. అమరావతి దాటాక కృష్ణ ఒడ్డున ఒక పెద్ద మామిడి తోట ఉండేది, సైకిలు మీద రెండు గంటల దారి. నీడ, ఇసుక, గాలి, అవతలి ఒడ్డున కొండలు. అక్కడ చాప వేసుకుని పడుకుంటే ప్రపంచంలో నాకు శత్రువన్నవాడే లేడనిపించేది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ఇసుక వాసన తెలుస్తుంది. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ తోట అంత హాయి నాకు మరెక్కడా దొరకలేదు.

ఆ ఏడే నా పెళ్ళయింది. మావగారిది అమరావతికి ఎగువన ఒక పల్లె. నాలుగెకరాల మిరప, ఆరెకరాల పత్తి. మనిషి మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. మొదటి దీపావళికి అత్తవారింటికి వెళ్ళాను. టపాసులు, బూరెలు, కొత్త పంచెలు అన్నీ అయ్యాక, రాత్రి భోజనాల దగ్గర మావగారి తల్లి నిట్టూర్చింది. ఆవిణ్ణి అందరూ మామ్మ అనేవారు.

"ఈ ఏడు కార్తీకం ఎట్టా గడుస్తదో ఏమో. కాపరానికొచ్చిన కాణ్ణించీ ఒక్క ఏడు కూడా తప్పలా. ఉసిరి చెట్టు కింద సోమవారం అన్నం తినకుండా కార్తీకం దాటించలేదు నేను."

సంగతేమిటంటే, వాళ్ళ చేలో ఉన్న ఉసిరి చెట్టు వేసవి గాలివానకి కూకటివేళ్ళతో పడిపోయింది. చుట్టుపక్కల మరొకటి లేదు. మామ్మ గొంతులో దిగులు నిజంగానే ఉంది. నాకు జాలి వేసింది. జాలి వేస్తే ఊరుకోవచ్చు కదా? కొత్త అల్లుణ్ణి, పైగా నేచురల్ సైన్సు.

"దానికంత బెంగ ఎందుకు మామ్మగారూ! కృష్ణ ఒడ్డున నాకు తెలిసిన తోట ఉంది. మధ్యలో బ్రహ్మాండమైన ఉసిరి చెట్టు. నేనెన్నిసార్లు దాని పక్కన పడుకున్నానో!" అన్నాను.

"ఉసిరేనా నాయనా? సరిగ్గా చూశావా?"

"భలేవారే! చింతాకు లాంటి సన్నసన్నని ఆకులు. కొమ్మలకి చిన్న చిన్న ముళ్ళు కూడా ఉంటాయి" అని శాస్త్రీయంగా వర్ణించాను.

మావగారికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, నా వంక ఒకసారి చూసి, "సరే అల్లుడుగారూ, మూడో సోమవారం అక్కడికే పోదాం" అన్నారు. ఆ పొలమారడంలో ఎంత అర్థం ఉందో నాకు మూడో సోమవారం దాకా తెలియలేదు.

ముందురోజు ఆదివారం, స్థలం ఊడ్పించి సిద్ధం చేయిద్దామని వెళ్ళాను. తోడుగా మా స్కూలు డ్రిల్లు మాస్టారు వచ్చాడు. నాకు ప్రాణస్నేహితుడు. దసరాకి ముందు నుంచీ నేనటు రాలేదు. తోటలోకి వెళ్ళి చూస్తే నా ఉసిరి చెట్టు నిండా కాగితపు చీటీలు! కొమ్మకొమ్మకీ దారాలతో కట్టి గాలికి రెపరెపలాడుతున్నాయి.

"ఎవరో ఉసిరి చెట్టుకి ఉత్తరాలు రాసినట్టున్నారు" అన్నాను.

తోట కాపలా తాత చుట్ట నోట్లోంచి తీసి, "ఉసిరేంది బాబూ? అది జమ్మి చెట్టు. దసరాకి ఊరంతా వచ్చి పూజ చేసి, పేర్లు రాసి చీటీలు కట్టి పోయారు" అన్నాడు.

"జమ్మా!"

"జమ్మే. పుట్టినకాణ్ణించీ జమ్మే."

తోటలో ఉసిరి ఉందా అంటే లేదన్నాడు. పక్క తోటలో? లేదు. డ్రిల్లు మాస్టారు ఇసుకలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక బుద్ధిమంతుడిలా ఒక సలహా చెప్పాడు.

"ఒరేయ్, ఇప్పుడు సైకిలెక్కితే చీకటి పడకముందే మీ అత్తారి ఊరు చేరతావు. పొరపాటైందని చెప్పెయ్. అయిపోతుంది."

"నేచురల్ సైన్సు మాస్టార్ని! జమ్మికీ ఉసిరికీ తేడా తెలీదని చెప్పుకోమంటావా?"

"మరి ఏం చేస్తావురా?"

నా బుర్రలో మెరుపు మెరిసింది. ఆ మెరుపే లేకపోతే ఈ కథే లేదు. "పాండవులు జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచారు కదా? ఎవరికైనా తెలిసిందా?" అన్నాను.

కార్తీకమాసం కదా, అమరావతి గుడి బజార్లో దీపాలకి ఉసిరికాయలు కొల్లలు. గంపెడు కొన్నాం. పచ్చదారం రెండు ఉండలు కొన్నాం. ముందు చీటీలన్నీ పీకి పారేశాం. తర్వాత మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఇద్దరం కూర్చుని, నిలబడి, వంగి, సాగి, కాయకాయకీ ముడి వేసి కట్టాం. జమ్మి ముళ్ళు చూడ్డానికి చిన్నవే. అవి మా చేతుల మీద గీసిన గీతలతో ఒక కాపీ పుస్తకం నిండేది. కాపలా తాత చుట్ట కాలుస్తూ చూస్తూ కూర్చున్నాడు. చివర్లో ఒక్క మాటన్నాడు: "ఎవరికన్నా జబ్బు నయం కావాలని మొక్కుకున్నారా బాబూ?"

"ఆఁ, ఈయనకే" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

సోమవారం పొద్దు పొడిచి జానెడెక్కేసరికి రెండు ఎడ్లబండ్లు వచ్చాయి. దారికి రెండువైపులా పత్తి పగిలి తెల్లగా నవ్వుతోంది, మిరప తోటలు పూత మీదున్నాయి. బండి దిగి మా ఆవిడ సుభద్ర, "అబ్బ, ఎంత బాగుందండీ!" అంటే నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. మామ్మని చేయిపట్టి దింపారు. రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. చెట్టు కింద అన్నం తినేదాకా ఉపవాసం.

మావగారు చెట్టు దగ్గరికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూశారు.

"బాగా కాసింది అల్లుడుగారూ."

"అవునండీ."

"కింది కొమ్మలకే కాసిందే? మనిషి చెయ్యందే దాకా కాసి, ఆ పైన ఆగిపోయింది."

"అది... సూర్యరశ్మి పై కొమ్మలకి ఎక్కువై, పూత రాలిపోతుందండీ."

"ఓహో. మా ఉసిరికి కాయలు కొమ్మకే అంటుకుని ఉండేయి. ఇయ్యేమో జీడిమామిడి కాయల్లాగా వేలాడుతున్నయ్యి."

"నదీతీరపు రకమండీ. తేమకి తొడిమ సాగుతుంది."

"చదువుకున్నోళ్ళు చెబితేనే గానీ తెలవదు ఇట్టాటియ్యి" అన్నారాయన ఎంతో గంభీరంగా. నా చేతుల మీది గీతలు చూసి, "పిల్లి గీరిందా?" అని కూడా అడిగారు. అవునన్నాను. ఒకసారి అబద్ధం మొదలయ్యాక పిల్లి ఒక లెక్కా?

సుభద్ర నన్ను పక్కకి పిలిచింది. "ఏమండీ, ఉసిరి చెట్టుకి ముళ్ళుంటాయా?"

"కొన్నింటికి."

"మీ జేబులో పచ్చదారం ఉండ ఎందుకుంది?"

నేను ఆ ఉండని జేబు అడుక్కి తోస్తుండగా రాళ్ళ పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుచారులో ఏదో టప్పున పడింది. సుభద్ర పరిగెత్తి వెళ్ళి గరిటెతో తీసింది. ఉసిరికాయ, దానికి జానెడు తోక. అటూ ఇటూ చూసి కొంగులో దాచేసింది. పెళ్ళయి ఆరు నెలలైనా నిండని పిల్ల నన్ను కాపాడింది. ఆ క్షణం నుంచీ నేనావిడకి బానిసని, ఇంతవరకూ విడుదల కాలేదు.

పన్నెండైంది. విస్తళ్ళు వేశారు. మామ్మ చెట్టు మొదట్లో దీపం పెట్టి, మోకాళ్ళ నొప్పుల మీదనే మూడుసార్లు చుట్టూ తిరిగి, మొదలుకి తల ఆనించి దణ్ణం పెట్టుకుంది. మడత పెట్టిన బొంత మీద కూర్చుంది. విస్తట్లో అన్నం, పప్పు, గోంగూర, నెయ్యి. ఆవిడ అన్నం కలిపి ముద్ద చేసి, ఒకసారి పైకి చూసి, ఆ తర్వాత నా వంక చూసి నవ్వింది.

ఆ నవ్వు చూశాక నా వల్ల కాలేదు. కాపరానికొచ్చినప్పటి నుంచీ తప్పని నోము అది. నా పరువు కోసం దాన్ని చెడగొడుతున్నాను. ముద్ద నోటి దాకా వెళ్ళింది.

"మామ్మగారూ! ఆగండి!" అని కేకేశాను. ఎడ్లు కూడా తలెత్తి చూశాయి. "అది ఉసిరి కాదండీ! జమ్మి చెట్టు! కాయలు నేనే కట్టాను! నిన్నంతా కూర్చుని కట్టాను!"

గాలికి ఒక కాయ ఊడి నా నెత్తిన పడింది.

మామ్మ ముద్ద విస్తట్లో పెట్టి, బొంత అంచు పైకెత్తింది. దాని కింద పచ్చటి ఉసిరి కొమ్మ ఉంది. ఆకుల మధ్య కాయలు కొమ్మకి అంటుకుని, ఏ దారమూ లేకుండా ఉన్నాయి.

"మీ మావ ఎక్కడో దూరపు ఊరికి మనిషిని పంపి తెప్పించాడు. దీపావళి నాడు ముళ్ళున్నయ్యని నువ్వన్నప్పుడే తెలిసిపోయింది వాడికి" అంది. "కొమ్మున్నా చెట్టున్నట్టే నాయనా. చిలుకు ద్వాదశి నాడు తులసికోట దగ్గర మనం పెట్టేదీ ఉసిరి కొమ్మే కదా."

"మరి దిగగానే అనలేదేం మామ్మగారూ?" నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు చెబుతావో లేదో చూద్దామని. పిల్లనిచ్చాం కదా. చెట్టు తెలవకపోతే పోయె, చెట్లు మాకు తెలుసు. ముద్ద మింగేదాకా ఊరుకునే మనిషివైతే, రేపు దీని గతేంది?" అని సుభద్ర తల నిమిరింది. తర్వాత నా వైపు తిరిగి, "కాస్త ఆలస్యంగా చెప్పావు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నయ్యి. కూర్చుని తిను" అంది.

అప్పుడు మొదలైంది నవ్వు. మావగారు అంతగా నవ్వడం అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను చూడలేదు. "తేమకి తొడిమ సాగుతుందంట!" అని తలుచుకుని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు.

నాకు శిక్ష మామ్మే వేసింది. పడిపోయిన చెట్టు కింద మొలకలు వచ్చాయట. ఒకటి తెచ్చి ఆ జమ్మి పక్కన నా చేత్తో నాటాలి, ఆదివారం ఆదివారం వచ్చి నీళ్ళు పోయాలి. "దాని కింద అన్నం తిన్నాకే నేను పోయేది. ఎండబెట్టావో, నన్ను చంపినట్టే" అంది.

ఎండబెట్టగలనా? ఎండాకాలం, వానాకాలం, సైకిలు మీద రెండు గంటలు తొక్కి వెళ్ళి కృష్ణలోంచి బిందెలు మోశాను. కొన్నేళ్ళకి సుభద్ర, మా పిల్లలు కూడా వచ్చేవారు. ఆ ఆదివారాలు నా జీవితంలోకెల్లా మంచివి. అప్పుడది తెలియదు, బిందె బరువు ఒక్కటే తెలిసేది.

ఎనిమిదో ఏట చెట్టు కాసింది. ఆ కార్తీకంలో మామ్మని బండి మీద తీసుకొచ్చారు. చూపు దాదాపు పోయింది. సుభద్ర చేయి పట్టుకుని చెట్టు కిందికి నడిపించింది. కొమ్మ వంచి అందిస్తే, మామ్మ ఒక కాయని రెండు వేళ్ళతో పట్టుకుని, చుట్టూ తడిమి, కొమ్మకి అంటుకున్న చోట గోటితో గీరి, అటు లాగి ఇటు లాగి చాలాసేపు పరీక్షించింది.

"దారం లేదు. ఉసిరే. విస్తరెయ్యండి" అంది.

కడుపు నిండా తింది. ఆ మరుసటి కార్తీకానికి ఆవిడ లేదు.

అందుచేత సకల వృక్షజాతుల సాక్షిగా, పాండవుల ఆయుధాల సాక్షిగా నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఇది: ఈ జన్మలో ఏ చెట్టు పేరూ నా నోటితో పలకను. ఎవరైనా వచ్చి "మాస్టారూ, ఇదేం చెట్టండీ?" అని అడిగితే, ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, కొమ్మలకి దారాలేమైనా ఉన్నాయేమో చూసి, "మా ఆవిణ్ణి అడగండి" అని చెబుతాను.